విశాఖ వీధుల్లో ఏడాకుల పాల చెట్లు: తీసేయాలా, ఉంచాలా?

మర్రిపాలెం వాసి
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ పచ్చదనాన్ని ఊడ్చేసింది. ఆ తర్వాత త్వరగా నీడనిస్తాయని ఊరంతా నాటిన చెట్లలో ఏడాకుల పాల (సప్తపర్ణి) ఎక్కువ. ఇప్పుడవి మేడలను దాటి పెరిగాయి. దసరా వెళ్ళిందంటే చాలు, చీకటి పడగానే ఆ పూల ఘాటు ఇల్లంతా నిండుతుంది. మా అమ్మకు ఉబ్బసం. కార్తీక మాసంలో గుమ్మం ముందు దీపం పెట్టడానికి కూడా ఆవిడ బయటికి రాలేకపోతోంది. ఈ చెట్లను తీసేసి వేరేవి నాటాలని నా గట్టి అభిప్రాయం. మీరేమంటారు?

వృక్షశాస్త్ర అధ్యాపకుడు
అమ్మగారి బాధ అర్థమవుతోందండి. అయినా గొడ్డలి ఎత్తేముందు చెట్టు తప్పెంతో తేల్చుకోవాలి. దీని పుప్పొడి గాలికి కొట్టుకుపోయే రకం కాదు, పురుగులు మోసుకెళ్ళేది. రాత్రిపూట అంత ఘాటు రావడం కూడా వాటిని రప్పించడానికే. పైగా అక్టోబరు, నవంబరు అంటే వానల నుంచి చలికి మారే కాలం. దుమ్ము, గోడల బూజు, దీపావళి పొగ అన్నీ అప్పుడే కలిసి వస్తాయి. కళ్ళకు కనిపిస్తోంది కాబట్టి నింద మొత్తం చెట్టు మీద వేయడం న్యాయం కాదు. ఇది మన దేశపు చెట్టు, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. పశ్చిమ బెంగాల్‌కు రాష్ట్ర వృక్షం. శాంతినికేతన్‌లోని విశ్వభారతి విశ్వవిద్యాలయంలో పట్టభద్రులను దీని ఆకులతో గౌరవించే సంప్రదాయం ఉంది.

మర్రిపాలెం వాసి
పుప్పొడి కాకపోతే వాసన చాలదా మాస్టారూ? ఉబ్బసం ఉన్న చాలామందికి అగరువత్తి పొగ, అత్తరు ఘాటు కూడా పడవు. శాంతినికేతన్‌లో ఆ చెట్లకు విశాలమైన తోటలున్నాయి. మా సందులో కొమ్మ నేరుగా పడకగది కిటికీకి తగులుతోంది.

కడియం నర్సరీ రైతు
ఈ మొక్కను పెంచి అమ్మినవాడిగా చెబుతున్నాను. దీన్ని అందరూ ఎందుకు కోరతారంటే, పెంచడం సులువు. చిక్కుడుకాయల్లా జంటలుగా వేలాడే సన్నని పొడుగు కాయలు పగలకముందే కోయాలి. పగిలితే రెండు చివరలా నూగున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. ఎక్కువకాలం దాచకుండా ఇసుక కలిపిన మడిలో చల్లి పైన పలచగా మట్టి కప్పితే చాలు. ఆకు తుంచితే పాలు కారతాయి, చేదు. అందుకే పశువులు ముట్టవు, కంచె ఖర్చు మిగులుతుంది. నిటారుగా, అంతస్తులుగా కొమ్మలు వేస్తుంది.

కానీ కర్ర మెత్తన. పలకలకు, అగ్గిపెట్టెలకు, సామాను పెట్టెలకు పనికొచ్చే తేలిక కర్ర. తుపాన్లు వచ్చే ఊళ్ళో కరెంటు తీగల కింద దీన్ని వరసగా నాటడం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. సముద్రపు గాలికి తట్టుకునే పొన్న ఉంది, పొగడ ఉంది. రెండూ ఆకు రాల్చి మోడుబారేవి కావు. నిదానంగా పెరుగుతాయి, అంతే.

ఆయుర్వేద వైద్యురాలు
ఒక్క మాట. దీని బెరడును జ్వరాలకు మందుగా వాడడం పాతకాలం నుంచీ ఉంది. అంతమాత్రాన వీధి చెట్టు బెరడు చెక్కి ఇంట్లో కషాయం కాచుకోకండి. అందులో బలమైన ఆల్కలాయిడ్లు (ఒంటి మీద గట్టిగా పనిచేసే మొక్కల రసాయనాలు) ఉన్నాయి. మోతాదు తెలియకుండా తాగితే ప్రమాదం. ఇక వాసన విషయంలో నేను మర్రిపాలెం వారి పక్షమే. నా దగ్గరికి వచ్చే ఉబ్బస రోగులు ఆ ఘాటుకు ఇబ్బంది పడుతున్నామని చెబుతుంటే కొట్టిపారేయలేను.

వృక్షశాస్త్ర అధ్యాపకుడు
కర్ర మెత్తదనం గురించి రైతుగారు చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను. కానీ ఒకేసారి అన్నీ నరికితే మే నెలలో ఆ వీధుల్లో నడిచేదెవరు? ఆసుపత్రుల దగ్గర, ఇరుకు సందుల్లో ఉన్నవాటిని ముందు తీయండి. మిగతా చోట్ల మధ్యమధ్యలో ఇప్పుడే పొగడ నాటి, అది నీడ పట్టాక పాతదాన్ని తొలగించండి. ఈలోగా పూత రాకముందే, ఆగస్టులోనే, కొమ్మలు కత్తిరించాలి. పార్కుల్లో, కొండవాలుల్లో ఉన్నవాటి జోలికి మాత్రం పోకూడదు.

మర్రిపాలెం వాసి
ఇరుకు సందులు ముందు అన్నారు కాబట్టి సరే. అయితే పొగడ పూలకూ వాసన ఉంటుంది కదా?

కడియం నర్సరీ రైతు
ఉంటుంది, కానీ ఇంత ఘాటు కాదు. మీ సందుకు పొన్న వద్దు, కొమ్మలు బాగా విస్తరిస్తాయి. అమ్మగారిని ఒకసారి పొగడ పూసిన చోటికి తీసుకెళ్ళి చూడండి. పడితేనే నాటండి.