సీఎక్స్‌సీఆర్4 (సెల్ మీదుండే ఒక కీమోకైన్ రిసెప్టర్) లైన్‌తో టెస్ట్ చేస్తుంటే పేరెంట్ సెల్స్ (రిసెప్టర్ పెట్టని అసలు సెల్స్) కూడా సిగ్నల్ ఇస్తున్నాయి, ఏంటి సంగతి?

బావిలో_పిపెట్: హెచ్‌ఈకే293లో (మనిషి కిడ్నీ నుంచి వచ్చిన ల్యాబ్ సెల్స్) సీఎక్స్‌సీఆర్4, జీఆల్ఫా16 (రిసెప్టర్ సిగ్నల్‌ని కాల్షియంగా మార్చే జీ ప్రోటీన్) రెండూ శాశ్వతంగా పెట్టిన స్టేబుల్ లైన్ మాది, కాల్షియం పెరిగితే వెలిగే డైతో చూస్తున్నా. సీఎక్స్‌సీఎల్12 (ఆ రిసెప్టర్‌ని లేపే కీమోకైన్) వేస్తే మంచి పీక్ వచ్చేది, ఇప్పుడు ఇరవై ఐదో పాసేజ్‌కి (సెల్స్‌ని కొత్త ఫ్లాస్క్‌కి మార్చడం) వచ్చేసరికి సగానికి పడిపోయింది. పైగా కంట్రోల్‌గా పెట్టిన మామూలు హెచ్‌ఈకేలో కూడా చిన్న బంప్ కనిపిస్తోంది, అసలు రిసెప్టర్ పెట్టలేదు కదా దాన్లో! ప్లేట్లు మార్చా, డై మార్చా, అయినా అంతే. మా సీనియర్ సీహెచ్‌ఓకి (హ్యామ్‌స్టర్ సెల్స్) మారిపో అంటున్నారు. మారాలా, ఇందులోనే ఏమైనా చేయొచ్చా?

ఫ్లాస్క్_ఫకీరు: బంప్ గురించి కంగారు పడకు బ్రో, హెచ్‌ఈకేలో సీఎక్స్‌సీఆర్4 సొంతంగానే కొంచెం ఉంటుంది, అదే పలుకుతోంది. సీసీఆర్5 (ఇంకో కీమోకైన్ రిసెప్టర్) అయితే ఈ గొడవ ఇంత ఉండదు. తేల్చుకోవాలంటే పేరెంట్ సెల్స్‌కి ప్లెరిక్సాఫోర్ (సీఎక్స్‌సీఆర్4ని మూసేసే మందు) 10 మైక్రోమోలార్ వేసి పావుగంట ఆగి కీమోకైన్ వెయ్యి, బంప్ పోతే అది సీఎక్స్‌సీఆర్4దే. ఇంకోటి, పర్టుసిస్ టాక్సిన్ (జీఐ అనే జీ ప్రోటీన్‌ని ఆపేసేది) రాత్రంతా ఉంచి చూడు. సొంత రిసెప్టర్ పనిచేసేది జీఐ మీద కాబట్టి పేరెంట్‌లో బంప్ చచ్చిపోతుంది, కానీ జీఆల్ఫా16కి ఆ టాక్సిన్ అంటదు, అందుకని నీ లైన్‌లో చాలావరకు సిగ్నల్ నిలబడుతుంది. ఆ తేడానే నీ అసలు అస్సే.
సీహెచ్‌ఓకి మారినా ముందు దాని పేరెంట్‌ని కూడా ఇలాగే చూసుకో, సెల్ మారిస్తే బ్యాక్‌గ్రౌండ్ దానంతటదే పోతుందని నమ్మేయకు. క్రిస్పర్‌తో (జీన్ కత్తిరించే పద్ధతి) సొంతది తీసేసి మళ్లీ పెట్టుకోవడం ఇంకా శుభ్రం, కాకపోతే ఓపిక కావాలి.

మెత్తని_మీడియా: సిగ్నల్ పడిపోవడానికి నాకో అనుమానం అండి, యాంటీబయాటిక్ సెలక్షన్ ఆపేశారా? రెండు జీన్లకి రెండు వేర్వేరు మందులు ఉంటాయి, ఒకటి మర్చిపోయి ఒకటే వేస్తూ పోతే ఆ రెండోది మెల్లగా జారిపోతుంది, నాకు సరిగ్గా ఇదే అయింది, నెల రోజులు డైని తిట్టుకుంటూ కూర్చున్నా. 12జీ5 యాంటీబాడీతో (సీఎక్స్‌సీఆర్4ని పట్టుకునేది) ఫ్లో (ఒక్కో సెల్ మీద రిసెప్టర్ ఎంతుందో కొలవడం) చేసి చూడండి, పీక్ ఒక్కటే కదిలిందా, లేక నెగటివ్ గుంపు ఒకటి తయారైందా అని. ఆ యాంటీబాడీతో ప్లెరిక్సాఫోర్ పోటీ పడుతుంది, కాబట్టి మందు వేసిన సెల్స్‌ని దాంతో స్టెయిన్ చేయకండి. మైకోప్లాస్మా (సెల్స్‌కి పట్టే బాక్టీరియా) టెస్ట్ కూడా చేయించండి, ఆ మాట ఎవరికీ నచ్చదు గానీ. కీమోకైన్ డైల్యూషన్లలో బీఎస్ఏ (ఆవు అల్బుమిన్ ప్రోటీన్) 0.1 శాతం వేస్తున్నారా? లేకపోతే తక్కువ డోసుల్లో సగం ప్లాస్టిక్‌కే అతుక్కుపోతుంది.

సందేహాల_సంచి: నాది వేరే గోల. జీఆల్ఫా16 అంటే బలవంతపు పెళ్లి, రిసెప్టర్ మామూలుగా పట్టుకునే జీ ప్రోటీన్ అది కాదు. మందు బ్లాక్ చేస్తోందా లేదా అని వేల కాంపౌండ్లు జల్లెడ పట్టడానికి బాగుంటుంది, కానీ రిసెప్టర్ కుక్కి కుక్కి పెట్టిన లైన్‌లో కొంచెం కీమోకైన్‌కే ఫుల్ సిగ్నల్ వచ్చేస్తుంది కాబట్టి ఈసీ50 (సగం సిగ్నల్ ఇచ్చే డోసు) చూస్తే మందు అసలు కన్నా ఎక్కువ పవర్‌ఫుల్‌గా కనిపిస్తుంది, రిసెప్టర్‌ని కొంచెమే లేపే వీక్ పార్షియల్ అగోనిస్టు కూడా పూర్తిగా లేపే ఫుల్ అగోనిస్టు వేషం వేస్తుంది. హిట్స్ వచ్చాక సీఏఎంపీ అనే సిగ్నల్ అణువు (ఫోర్‌స్కోలిన్‌తో పెంచి, రిసెప్టర్ దాన్ని తగ్గిస్తుందా అని), బీటా అరెస్టిన్ (లేచిన రిసెప్టర్‌కి అతుక్కునే ప్రోటీన్) రెండూ చూడండి. తర్వాత మైగ్రేషన్ (సెల్స్ కీమోకైన్ వైపు నడవడం), దానికి హెచ్‌ఈకే వద్దు, అతుక్కుని కూర్చునే సెల్ ఎక్కడికి నడుస్తుంది? జుర్కాట్‌లో (టీ సెల్ లైన్) సీఎక్స్‌సీఆర్4 సొంతంగానే ఉంది, దాన్ని వాడండి. హెచ్ఐవీ వైపు మందులైతే కథ మళ్లీ వేరు, సీఎక్స్‌సీఆర్4 ద్వారా హెచ్ఐవీ లోపలికి దూరుతుంది కాబట్టి టీజడ్ఎం-బీఎల్ లాంటి సెల్స్ వైరస్ లోపలికి పోతే లూసిఫరేజ్ (వెలుగిచ్చే ఎంజైమ్) వెలిగిస్తాయి, అక్కడ కాల్షియం లెక్కే అక్కర్లేదు.

బావిలో_పిపెట్: ఫ్లో చేశా, సగం సెల్స్ నెగటివ్! మీడియా అక్కా మీరు చెప్పిందే, రెండో యాంటీబయాటిక్ పదహారో పాసేజ్ నుంచి ఎవరూ వేయలేదు, బుక్‌లో ఉంది. బంప్ ప్లెరిక్సాఫోర్‌తో పూర్తిగా పోయింది. ఐదో పాసేజ్ వయల్ ఒకటే మిగిలింది, అది లేపాక ముందు ఇంకో పది ఫ్రీజ్ చేసి తర్వాతే ప్లేట్ ముట్టుకుంటా.