“అన్ని మతాలూ ఒకటే” అన్నందుకు స్నేహితుడు నొచ్చుకున్నాడు

సందేహి: అమ్మ ఐసీయూలో ఉన్న రాత్రి, బయట బెంచీ మీద నా పక్కనే కూర్చుని ఓ స్నేహితుడు తెల్లవార్లూ ప్రార్థన చేశాడు. వేళ్ల కింద జపమాల పూసలు ఒక్కొక్కటే జరగడం ఇంకా కళ్లముందే ఉంది. పొద్దున్న కృతజ్ఞత కొద్దీ “ఏ దేవుడైతేనేం, అన్నీ ఒకటేగా” అన్నాను. ముఖం చిన్నబుచ్చుకుని “నాకు ఒకటి కాదు” అన్నాడు. తన మతమే సత్యమనేవాడు నా కోసం అంత నిద్ర ఎందుకు పాడుచేసుకున్నట్టు? మీకెవరికైనా ఇలా ఎదురైందా?

చదువరి: ఎదురైంది. నేనూ “ఏకం సత్ విప్రా బహుధా వదంతి” అంటూ తిరిగినవాణ్ణే. సత్యం ఒకటే, జ్ఞానులు దాన్ని పలురకాలుగా చెబుతారన్నది ఋగ్వేద వాక్యం. వాళ్లు చెప్పేదంతా ఒకటేనని అందులో లేదు. ఏసు సిలువ మీద మరణించాడన్నది సువార్తల మాట, ఆయన్ని సిలువ వేయలేదన్నది ఖురాన్ (4:157) మాట. ఆత్మ నశించదని గీత చెబితే, శాశ్వతమైన ఆత్మే లేదంటుంది బౌద్ధం. ఇవన్నీ ఒకటే అంటే ఎవరి మాటా మనం సరిగ్గా విననట్టే.

వానచినుకు: వాదనలెందుకండీ, నమ్మకం తర్కానికి అందదు.

చదువరి: పూర్తిగా అందకపోవచ్చు. అలాగని తర్కాన్ని గుమ్మం బయటే ఆపేస్తే ఎలా? సత్యం సత్యానికి విరుద్ధం కాదని 12వ శతాబ్దంలోనే తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ రాశాడు. ఆయన ఇస్లాం న్యాయమూర్తి కూడా.

దారిదీపం: మాది క్రైస్తవ కుటుంబం. “నా ద్వారానే తప్ప ఎవడును తండ్రియొద్దకు రాడు” (యోహాను 14:6) చదివి, వేరే మతంలో ఉన్న నా ప్రాణస్నేహితురాలి గతేమిటని చిన్నప్పుడు ఎంత టెన్షన్ పడ్డానో. 1965లో కాథలిక్ చర్చి బిషప్పుల సమావేశమైన రెండో వాటికన్ మహాసభ, ఇతర మతాల్లో సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని దేన్నీ తిరస్కరించబోమని ప్రకటించింది. ఆ వెంటనే, క్రీస్తే మార్గమని కూడా చెప్పింది. రెండూ పక్కపక్కనే చదివాక నాకు ఊపిరి ఆడింది.

పాతనోటుబుక్: ఇతరుల మహిమల మీద నేను వేసే ప్రశ్నలు ఏడింటిని రాసుకుని, ఓసారి అవే మా మహిమల మీద వేసి చూశాను. మూడింటికే జవాబు దొరికింది. చాలా రోజులు మనసు కుదుటపడలేదు. పూజ మానలేదు గానీ, ఎదుటివాళ్ల నమ్మకాన్ని మూఢత్వం అనడం ఆ రోజే మానేశాను.

సందేహి: ఇందాక అతనికి ఫోన్ చేశాను. ఆ రాత్రి ఏం అడిగావంటే, అమ్మ పేరు చెప్పి “లేచి ఇంటికి రావాలి” అని మాత్రమే అడిగానన్నాడు. మా వాదన ఇంకా తెగలేదు. ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.