పెరట్లో ఈ రాతి గది దేనికి కట్టుంటారు?

పెంకుటిల్లు:
మాది చీపురుపల్లి దగ్గర ఊరు. తాతయ్య కొన్న పాతింటి పెరట్లో, నూతికి అవతల, ఓ రాతి గది ఉంది. కప్పు ఏనాడో పోయింది. లోపల పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉంటాది. గడపే మోకాలెత్తు, దానిమీద గుమ్మం రెండున్నర అడుగులు. పొడుగు గోడలకి ఎదురెదురుగా, గడప ఎత్తులోనే, చదరపు కన్నాలున్నాయి. వెనక గోడ అడుగున జానెడు సందు. పైన గూళ్ళు మూడు, దీపం గూడు కంటే పెద్దవి. పందుల గూడని పెదనాన్న అంటే అమ్మ మండిపడుతోంది. నాకు బాత్‌రూమ్ కట్టాలనుంది. ఇంతకీ ఇదేటి?

రాజాం కుర్రోడు:
ధాన్యం గాది అయ్యుంటాది. చెమ్మ తగలకుండా ఎత్తులో కర్రలు పరుస్తారు కదా.

మాజీ గోపాలమిత్ర:
గాదికి అడుగున జానెడు సందు ఎవడు వదులుతాడు బాబూ, ఎలకలకి భోజనం పెట్టడానికా? అది మేకల సాల. ఆ కన్నాల్లో తాటి దూలాలు దూర్చి, మీద వెదురు బద్దలు వేలు పట్టేంత ఎడంతో పరిస్తే మంచె అవుతాది. పెంటికలు, ఉచ్చ కిందకి పోతాయి. వెనక సందులోంచి లాగి గెత్తం గోతిలో వేసుకుంటారు. మేక తడికి ఓర్చుకోదు. వానాకాలం బురదలో నిలబెడితే గిట్టల మధ్య పుళ్ళు పడి కుంటుతాది, పిల్లలకైతే విరేచనాలు పట్టుకుంటాయి. పందికి మంచెతో పనేముంది? దానికి గట్టి నేల, కుడితి తొట్టి ఉండాలి. పైన గూళ్ళు కోళ్ళు గుడ్లు పెట్టడానికి. గుమ్మం చిన్నదైతే ఒక్కోటీ బయటికొస్తాది, లెక్క తప్పదు.
కన్నాలకి మూరెడు పైన రాయి నున్నగా, నల్లగా మెరుస్తోందా? గోడ అడుగున తెల్లపొడి రాలుతోందా? చూసి చెప్పు.

పెంకుటిల్లు:
రెండూ ఉన్నాయి బాబాయ్. ఆ పొడి మా చెల్లి నాకి చూసింది, ఉప్పగా, నాలిక మీద చల్లగా ఉందట.

మాజీ గోపాలమిత్ర:
ముందు ఆ పిల్లని నోరు కడుక్కోమను! మేకలు ఒళ్ళు రాసుకుంటే వచ్చిన నునుపది. పొడి సూరేకారం, ఏళ్ళ తరబడి ఉచ్చ గోడలోకి ఇంకి పుట్టింది. తడి తగిలేకొద్దీ ఆ ఉప్పు పైకొస్తాది, దానిమీద సిమెంటు పూత నిలవదు. బాత్‌రూమ్ ఇంకోచోట కట్టుకో. దీనికి గీరి సున్నపు పూత చాలు.

పలాస జీడితోట:
2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా ఊళ్ళో ఇలాంటి సాల గోడలు నిలబడ్డాయి గానీ, పైనున్న రేకులు జీడితోటలో దొరికాయి. కప్పు వేస్తే పొట్టిగా వెయ్యి, దూలాలకి గట్టిగా బిగించు.

పెంకుటిల్లు:
కప్పు సంగతి తరవాత. మేకలంటే అమ్మ అప్పుడే సంత ఎప్పుడని అడుగుతోంది.