ఆక్టోపస్ వ్యూ పాయింట్ దగ్గర గాజు వంతెన కట్టాలా, వద్దా?

అచ్చంపేట_అబ్బాయి:
మొన్న ఆదివారం ఇంట్లోవాళ్లతో శ్రీశైలం పోతూ దోమలపెంట దగ్గర ఆక్టోపస్ వ్యూ పాయింట్‌లో ఆగాం. కింద లోయలో కృష్ణా నది కొండల సందుల్లోకి చేతులు చాపుకుని పడుకున్నట్టు ఉంటుంది, మా అమ్మ అయితే చెప్పులు విడిచి దండం పెట్టింది. ఇలాంటి చోటు వేరే ఎక్కడైనా ఉంటే ఈపాటికి గాజు వంతెన, క్యాంటీన్, పెద్ద పార్కింగ్ అన్నీ వచ్చేవి. మనకేమో రెండు ఫొటోలు దిగడం, రాత్రి తొమ్మిదికి గేటు పడుతుందని పరుగెత్తడం. కడితే మన మండలం పిల్లలకి పని దొరుకుతుంది. ఎందుకు కట్టకూడదో చెప్పండి.

దేవరకొండ_బుల్లెట్:
కట్టాలి. టికెట్ ఐదొందలు పెట్టినా ఎక్కుతా.

నల్లమల_నడక:
ఎందుకు కట్టకూడదంటే అది నెక్లెస్ రోడ్డు కాదు కాబట్టి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అది, 2,611 చదరపు కిలోమీటర్లు, నువ్వు నిలబడిన చోటు దాని లోపల ఉంది. తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు ఆపేది నిన్ను ఏడిపించడానికి కాదు, ఆ వేళ రోడ్డు దాటేవాళ్లు వేరే ఉన్నారు. క్యాంటీన్ వస్తే చెత్త వస్తుంది, చెత్త వస్తే కోతులు, పందులు వస్తాయి, వాటి వెనక చిరుత వస్తుంది, అప్పుడు మళ్లీ మీరే చిరుత వచ్చిందని వీడియో పెడతారు.

నా అనుభవం చెప్తా. పోయినేడు వట్వర్లపల్లి దాటాక మా ముందు కారులోంచి ఎవరో అరటిపండ్లు విసిరారు. పిల్లని పొట్టకి కరుచుకున్న కోతి ఒకటి సరిగ్గా రోడ్డు మధ్యలో కూర్చుని తొక్క తీస్తోంది, మా డ్రైవర్ బ్రేక్ కొట్టాడు, మా చెల్లి నుదురు ముందు సీటు కడ్డీకి తగిలి మూడు కుట్లు పడ్డాయి. ఆ కారువాళ్లు వెనక్కి కూడా చూడలేదు. ఇప్పుడు చెప్పు, అక్కడ ఇంకో వెయ్యి కార్లు కావాలా?

అచ్చంపేట_అబ్బాయి:
అరటిపండ్లు విసిరింది నేను కాదు కదన్నా. మీ చెల్లికి దెబ్బ తగిలితే మా పిల్లలకి పని వద్దా?

కొలత_మాస్టారు:
చిన్న సవరణ. కృష్ణా నది అంటున్నారు, అక్కడ కనిపించేది నది కాదు, శ్రీశైలం జలాశయం. నిండు మట్టం 885 అడుగులు. నీళ్లు కదలకుండా నిలబడి ఉండటం మీరు గమనించే ఉంటారు.

పాలమూరు_పిల్ల:
వంతెన సంగతి తర్వాత, ముందు అక్కడ ఆడవాళ్లకి సరైన బాత్రూం ఉండాలి. కల్వకుర్తి నుంచి బిగబట్టుకుని వచ్చినదాన్ని అడుగుతున్నా.

నల్లమల_నడక:
మాస్టారూ, నది అన్నా జలాశయం అన్నా అడవి అడవే, విషయం అది కాదు. 2019లో యురేనియం తవ్వకాలు వద్దని మనమంతా గొంతు చించుకున్నాం, అసెంబ్లీలో తీర్మానం కూడా పెట్టారు. ఈ అబ్బాయి కూడా అప్పుడు ‘సేవ్ నల్లమల’ బొమ్మ పెట్టుకున్నాడు, నాకు బాగా గుర్తుంది. అప్పుడు అడవి కావాలి, ఇప్పుడు అద్దాల వంతెన కావాలి.

అచ్చంపేట_అబ్బాయి:
యురేనియం బోరూ చాయ్ డబ్బా ఒకటేనా అన్నా? ఫరహాబాద్‌లో సఫారీ నడపట్లేదా? మన్ననూరులో కాటేజీలు కట్టలేదా? వాళ్లు కడితే ఎకో టూరిజం, మేం అడిగితే చెత్త.

కొలత_మాస్టారు:
విషయం అదే నాయనా. ఆక్టోపస్ అని ఎందుకు పేరొచ్చింది? ఆ చేతులు నదివి కావు. ఆనకట్ట కట్టాక నీళ్లు వెనక్కి తన్ని పక్కనున్న వాగులూ లోయల్లోకి ఎక్కాయి. ఆనకట్ట లేకపోతే అడుగున ఒక సన్నటి ధార ఉండేది, ఆక్టోపస్సూ లేదు, వ్యూ పాయింటూ లేదు. దీన్ని ప్రకృతి అందం అని రాయడం తప్పు, ఇంజినీర్ల పని అని రాయాలి.

దేవరకొండ_బుల్లెట్:
మాస్టారు మళ్లీ మొదలుపెట్టారు 😂

మన్ననూరు_మలుపు:
వంతెన కావాలనేవాళ్లు చెంచు పిల్లలకి పని అంటారు, వద్దనేవాళ్లు చెంచులకి అడవి కావాలి అంటారు. మా పెంటలు, అంటే అడవిలో మా చెంచు గూడేలు, ఖాళీ చేసి బయటికి రమ్మన్నప్పుడు ఈ ఇద్దరిలో ఒక్కరు కూడా కనిపించలేదు. సఫారీ జీపులో గైడుగా మా తమ్ముడు పోతాడు, జీతం చెప్తే మీరు నవ్వుతారు.

మునిగిన_మావూరు:
నేను రెండేళ్లుగా ఇక్కడ చదువుతానే గాని రాయను. మాస్టారు గారూ, మీరు అన్న ఆ చేతుల్లో ఒకటి మా ఊళ్లోకి కూడా వచ్చింది. కొల్లాపూర్ వైపు మాది. 1981లో ఖాళీ చేయించారు. మా నాయన ఇంటి దర్వాజా పీకి బండి మీద వేసుకుని వచ్చాడు, మిగతాది అట్లనే ఉంది నీళ్ల కింద. గుళ్లను రాయి రాయి విప్పి గట్టు మీద మళ్లీ కట్టారు, మమ్మల్ని మాత్రం మీరే కట్టుకోండి అన్నారు. 1986లో 98 జీవో ఇచ్చారు, మునిగిన ఇంటికి ఒక ఉద్యోగం అని. మా నాయన ఆ కాగితాలు యూరియా సంచి కోసి కుట్టిన కవర్లో పెట్టుకుని తిరిగాడు, ఆయన పోయాడు, కవరు ఉంది. కాబట్టి మీరు అక్కడ గాజు వంతెన కడితే ఏంది, కట్టకపోతే ఏంది. మీకు అది సీనరీ.

అచ్చంపేట_అబ్బాయి:
అన్నా, మీ బాధ నాకు అర్థమవుతుంది కానీ మీ ఊరు ఆ వ్యూ పాయింట్ నుంచి కనపడదు, చాలా ఎగువన ఉంటుంది. దానికీ దీనికీ సంబంధం ఏముంది?

మునిగిన_మావూరు:
నీళ్లు ఒకటే.

నల్లమల_నడక:
చూశావా? అందుకే అంటున్నా, హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనుక్కుని వారాంతానికి వచ్చి పోయేవాడికి ఇవి పట్టవు. నీకు కావాల్సింది సెల్ఫీ, మండలం పిల్లలని ముందుకు తోస్తున్నావు.

అచ్చంపేట_అబ్బాయి:
ఫ్లాట్ సంగతి తెస్తున్నావా, సరే, విను. మా నాన్న పాలమూరు లేబర్. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఊరూరు తిరిగి కట్టలకి, కాలువలకి మట్టి మోశాడు, నేను పుట్టిన నెలకి కూడా ఇంట్లో లేడు. ఎవరి పొలాలకో నీళ్లు పోయాయి. మా చేను మాత్రం బోరు ఎండి పడావు పడింది. ఇక్కడ పని లేకనే హైదరాబాద్ పోయా, కిరాయి ఇల్లు నాది, ఫ్లాట్ కాదు. నువ్వు అడవిలో నడిచి ఫొటోలు పెడతావు, సాయంత్రానికి ఏ ఊరికి పోతావో నాకు తెలుసు. ఇక్కడున్నవాడు మాత్రం ఎప్పటికీ అడవిని కాపాడుతూ కూర్చోవాలి, జీతం లేకుండా.

నల్లమల_నడక:
నేను నాగర్‌కర్నూల్‌లోనే ఉంటా. స్కూల్లో చెప్తా. ఫ్లాట్ అన్నందుకు సారీ. కానీ వంతెన కాంట్రాక్టు మన పిల్లలకి వస్తుందని ఎవరు చెప్పారు? కాంట్రాక్టు బయటివాళ్లకి పోతుంది, మన పిల్లలకి పార్కింగ్ దగ్గర విజిల్ ఊదే పని. అందుకే కోపం.

మన్ననూరు_మలుపు:
విజిల్ కూడా ఇవ్వరు సార్.

అచ్చంపేట_అబ్బాయి:
అది ముందే చెప్పొచ్చు కదన్నా. కోతులు, కుట్లు అంటూ ఎక్కడెక్కడో తిప్పావు. గాజు వంతెన పక్కన పెట్టు, టికెట్ డబ్బులు అక్కడి పెంటలకి, ఊళ్లకి లెక్క చూపించి ఇస్తే ఒప్పుకుంటావా?

నల్లమల_నడక:
లెక్క చూపిస్తే ఆలోచిస్తా. కాంక్రీటుకి మాత్రం ఒప్పుకోను.

దేవరకొండ_బుల్లెట్:
అంటే వంతెన లేనట్టేనా? 😢

అచ్చంపేట_అబ్బాయి:
మునిగిన_మావూరు అన్నా, సంబంధం ఏముంది అని అన్నందుకు ఏమనుకోకు. మీ ఊరు ఎప్పుడైనా తేలుతుందా?

మునిగిన_మావూరు:
నీళ్లు బాగా తగ్గిన ఎండాకాలం బయటపడుతుంది. గోడలు ఏం లేవు, మా చేదబావి ఒర, దాని మీద తాడు ఒరుసుకున్న గాడి కనిపిస్తుంది. బురద ఆరేదాకా దగ్గరికి పోలేం, పిక్కల దాకా దిగుతుంది. మా అమ్మ గట్టు మీదనే కూర్చుని ఇది ఎవరి ఇల్లు, అది ఎవరి ఇల్లు అని చెప్తుంటుంది. రావాలనుకుంటే మే నెలలో రా, చాయ్ డబ్బా లేదు, ఇంటి నుంచి తెస్తా.

కొలత_మాస్టారు:
మట్టం రోజూ చూస్తూనే ఉంటా. బాగా తగ్గగానే ఇక్కడ పెడతాను. నేనూ వస్తా, ఎప్పుడూ లెక్కల్లో చూడటమే గానీ ఆ వైపు పోలేదు.

పాలమూరు_పిల్ల:
అందరూ రాజీ పడ్డారు, సంతోషం. బాత్రూం మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు.