మెదడులో పురుగుంటే ఇమ్యూనిటీ పెంచాలా, తగ్గించాలా?

పాప_నాన్న: మా పాపకి తొమ్మిదేళ్ళు. పోయిన నెల బడిలో ప్రేయర్ దగ్గర ఫిట్స్ వచ్చి పడిపోయింది. స్కాన్ చూసి న్యూరోసిస్టిసెర్కోసిస్ అన్నారు, బద్దెపురుగు పిల్ల మెదడులో నీటి బుడగలా ఉందట. ఆల్బెండజోల్‌తో పాటు స్టెరాయిడ్ రాశారు. స్టెరాయిడ్ ఇమ్యూనిటీని తగ్గిస్తుంది కదా, లోపల పురుగుని పెట్టుకుని ఇదేం వైద్యం? డాక్టర్‌ని అడిగితే "వాడండి, తగ్గుతుంది" అని తర్వాతి పేషెంటుని పిలిచారు.

కృష్ణాతీరం: మంచి ప్రశ్న. మోకాళ్ళ నొప్పులకి ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మింగించి నాకు షుగర్ తెప్పించారు, ఇప్పటికీ అనుభవిస్తున్నా. ఒంటికి తన పని తనకి తెలుసు. పొద్దున్నే పసుపు, మిరియాల కషాయం పట్టండి, ఆ మాత్ర గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఎండుమిర్చి: కషాయం తాగితే పురుగు దారి అడిగి బయటికొస్తుందా సార్

వార్డు_సిస్టర్: న్యూరో వార్డులో పద్నాలుగేళ్ళుగా చేస్తున్నా. పురుగు బతికున్నన్నాళ్ళూ చాలామందిలో ఏ గొడవా ఉండదు. ఇమ్యూన్ కణాలను అణిచిపెట్టే పదార్థాలు వదులుతూ ఏళ్ళ తరబడి గుట్టుగా ఉంటుంది. ఆంగ్లేయుల కాలంలో ఇక్కడ పనిచేసి వెళ్ళిన సైనికులకి సొంతూరు చేరిన కొన్నేళ్ళకి ఫిట్స్ మొదలయ్యేవి. పురుగు దానంతటదే గానీ, మందు వల్ల గానీ చావడం మొదలెట్టాకే టి కణాలు, మాక్రోఫేజ్‌లు అనే ఇమ్యూన్ కణాలు చుట్టూ మూగుతాయి, వాపు వస్తుంది, ఆ వాపుకే ఫిట్స్. ఆల్బెండజోల్ పురుగుకి, స్టెరాయిడ్ వాపుకి. మెదడంతా బుడగలతో వాచిపోయినవాళ్ళకైతే పురుగు మందు జోలికి పోకుండా వాపే తగ్గిస్తారు.

కృష్ణాతీరం: అంటే ఇమ్యూనిటీయే జబ్బంటారు. మరి టీకాలెందుకమ్మా?

వార్డు_సిస్టర్: నేను అలా అన్నానా? గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లని యాంటీబాడీలు చంపగలవు. మన హైదరాబాద్‌లో ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ వాళ్ళు పందులకి తయారుచేసే సిస్వాక్స్ టీకా పనిచేసేది ఆ దశలోనే. బుడగ కట్టుకున్నాక పురుగు యాంటీబాడీలకి లొంగదు.

సుబ్బు_77: బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఈ ఆల్బెండజోలే కదా, ఒక్కటేస్తే పోదా?

వార్డు_సిస్టర్: మందు అదే. కానీ ఆ ఒక్క మాత్ర కడుపులో పురుగులకి. దీనికి బరువును బట్టి రోజూ, వారం పది రోజులైనా వాడాలి.

పాప_నాన్న: ఒక మాట చెప్పాలి. కృష్ణాతీరం గారి మాట చదివి మొన్నటి నుంచి స్టెరాయిడ్ ఆపేశాం. రాత్రి పాప ఎడమ చెయ్యి కాసేపు కొట్టుకుంది.

వార్డు_సిస్టర్: ఆపేశారా! ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి. కృష్ణాతీరం గారూ, మీరు ఏళ్ళ తరబడి వాడారు, ఆ పిల్లకి ఎన్ని రోజులకి రాశారో కనీసం అడిగారా?

కృష్ణాతీరం: నేను ఆలోచించమన్నాను, ఆపమనలేదు. అసలు ఆ పిల్లకి పందిమాంసం పెట్టినవాళ్ళని అడగండి. మా ఇళ్ళల్లో ఇలాంటివి రావు.

పాప_నాన్న: మా ఇంట్లో గుడ్డు కూడా వండరండీ! మా అత్తగారిదీ ఇదే మాట, బయట ఏదో తినిపించావని. మా ఆవిడ వారం నుంచి ఏడుస్తోంది.

వార్డు_సిస్టర్: సరిగ్గా ఉడకని పందిమాంసం తిన్నవాళ్ళకి కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడుకి చేరేది దాని గుడ్లలోంచి వచ్చిన పిల్ల. ఆ గుడ్లు మనిషి మలంతో బయటికొచ్చి, కడగని చేతుల మీదుగా, కూరల మీదుగా ఇంకొకరి నోట్లో పడతాయి. శాకాహారి అయినా ఒకటే. ఇంట్లో అందరికీ మలపరీక్ష చేయించండి.

పాప_నాన్న: ఫోన్ చేశా, వెంటనే తీసుకురమ్మన్నారు, ఆటో కోసం చూస్తున్నాం. పరీక్ష మా వంటావిడకే కదా చేయించాల్సింది? ఎలా అడగాలో తెలియడం లేదు.

వార్డు_సిస్టర్: ఆవిడొక్కతే ఎందుకండీ? బయట ఎవరేం తింటున్నారో ఇంట్లో చెప్పి తింటారా?

పాప_నాన్న: మా తమ్ముడు నా భుజం మీదుగా ఇదంతా చదువుతున్నాడు. ఏమీ మాట్లాడటం లేదు.