కుక్క బెల్టు రీలు జామ్ అవుతోంది, ఎవరికైనా తెలుసా? (నల్లగొండ)

పానగల్ కట్ట:
పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నా, తల వాచిపోయింది. మా కుక్క కోసం నడుముకు కట్టుకునే బెల్టు ఒకటి నేనే తయారు చేస్తున్నా. కుక్క ముందుకు పోతే రీలులోంచి పట్టీ రావాలి, దగ్గరికొస్తే దానంతటదే చుట్టుకోవాలి. తెల్లారి పాలకు పోయేటప్పుడు ఒక చేతిలో క్యాన్, ఇంకో చేతిలో వీధి కుక్కల్ని అదిలించడానికి కట్టె. ఇక మావాడిని పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది? అందుకే ఈ తిప్పలు. చెక్కకు బిగించి లాగితే పట్టీ వెన్నలా వస్తోంది. నడుముకు కట్టుకోగానే జామ్. అంగుళం కూడా రాదు. ఆయిల్ వేశా, విప్పి మళ్లీ బిగించా, స్ప్రింగు బాగానే ఉంది. ఎందుకిట్లా అవుతోందో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాలమూరు గ్యారేజ్:
ఫోటో పెట్టు.

సూర్యాపేట మాస్టారు:
బాబూ, రీలు బెల్టులు అసలు వాడకూడదు. కుక్క ఎంత లాగితే అంత తాడు వస్తుంది కాబట్టి, లాగితేనే పని అవుతుందని అది నేర్చుకుంటుంది. సన్న తాడు ఉన్నవైతే మరీ ప్రమాదం. వేలికి చుట్టుకుంటే కోసేస్తుంది, కాలికి ఒరుసుకుంటే కాలినట్టు బొబ్బ వస్తుంది. నాలుగు మూరల మామూలు పట్టీ, పక్కన నడవడం నేర్పే ఓపిక. ఈ రెండూ ఉంటే ఏ యంత్రమూ అక్కర్లేదు. ముందు 'కూర్చో' నేర్పారా?

రాకీ వాళ్ల అమ్మ, మిర్యాలగూడ:
బెల్టు సంగతి సరే. ఎండలో మాత్రం తిప్పకండి. మే నెలలో మన దగ్గర 44 దాటుతుంది, తారు రోడ్డు అంతకంటే ఎక్కువ కాలుతుంది. అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద 7 సెకన్లు ఆనించి చూడండి. మనం ఓర్చుకోలేకపోతే వాటి పాదాలూ ఓర్చుకోలేవు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చడమే దానికి ఫ్యాను. మూతి కట్టేసి నడిపించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రేబిస్ టీకా కూడా గడువు దాటకుండా చూసుకోండి, వీధి కుక్కలు ఉన్నాయంటున్నారు కదా.

పానగల్ కట్ట:
మేడం, నేను వెళ్లేది తెల్లవారుజామున. టీకా వేయించాను. మాస్టారూ, నాది కొన్న బెల్టు కాదు, తాడూ కాదు, వెడల్పాటి పట్టీ. జామ్ ఎందుకవుతోందో ఎవరూ చెప్పరా?

పాలమూరు గ్యారేజ్:
కొన్నది కాకపోతే రీలు ఎక్కడిది?

పానగల్ కట్ట:
స్క్రాప్ షాపులో తెచ్చా అన్నా. కారు సీటు బెల్టుది.

పాలమూరు గ్యారేజ్:
అది కదా మొదలు చెప్పాల్సింది! నడుముకు ఎట్ల పెట్టినవ్? నిలబెట్టా, పడుకోబెట్టా?

పానగల్ కట్ట:
పడుకోబెట్టి. నిలబెడితే పొట్టలో గుచ్చుకుంటోంది.

పాలమూరు గ్యారేజ్:
అయితే అది జామ్ కాదు. లాక్.

దేవరకొండ పోరడు:
రెండూ ఒకటే కదన్నా, రావట్లేదు అంతే 😀

పాలమూరు గ్యారేజ్:
ఒకటెట్ల అవుతుంది? జామ్ అంటే చెడిపోవడం. లాక్ అంటే దాని డ్యూటీ అది చేయడం. జామ్ అనుకునే పొద్దున్నుంచి ఆయిల్ పోస్తున్నడు.

చెప్తా విను తమ్ముడూ. సీటు బెల్టు రీలుకు రెండు పక్కలా రెండు మూతలుంటయి. ఒక దాంట్లో చుట్టుకునే స్ప్రింగు. దాని జోలికి పోకు, ఎగిరి మొహం మీదికొస్తే మళ్లీ చుట్టడం నీ వల్ల కాదు. రెండో మూత కింద చిన్న ప్లాస్టిక్ గిన్నె, అందులో ఒక ఉక్కు గుండు ఉంటది. కారు ఒక్కసారిగా ఆగినా, పల్టీ కొట్టినా గుండు దొర్లి పైనున్న లివర్‌ను లేపుతది. లివర్ పోయి పళ్ల చక్రానికి తగులుకుంటది. బెల్టు ఆగిపోతది. యూరప్ రూల్ ప్రకారం రీలును 12 డిగ్రీల లోపు వంచితే లాక్ కావద్దు, 27 దాటితే మామూలుగా కావాలి. నువ్వు 90 డిగ్రీలు పడుకోబెట్టినవ్. చెక్కకు నిలువుగా బిగించి ఉంటవ్, అందుకే అక్కడ వచ్చింది. నీ నడుము మీద ఉన్నంతసేపూ దాని లెక్కల కారు బోల్తా పడే ఉంది.

ఆ గుండు తీసెయ్. గుంజితే లాకయ్యేది ఇంకోటి లోపల వేరే ఉంటది, అది ఉండనియ్. కుక్క ఒక్కసారి ఉరికినప్పుడు పట్టుకునేది అదే.

ఇంకోటి, ఇది ముఖ్యం. రీలుకు వైరు గానీ, పసుపు రంగు కనెక్టర్ గానీ ఉంటే ముట్టుకోవద్దు. యాక్సిడెంట్‌లో బెల్టును వెనక్కి గుంజడానికి దాంట్లో చిన్న మందుగుండు ఉంటది. పేలితే వేళ్లు పోతయి.

పానగల్ కట్ట:
వైరు లేదన్నా, పాత కారుదే. ఇప్పుడే మూత తీస్తున్నా.

వనపర్తి వకీలు:
ఉచిత సలహా ఒకటి. మీరు చేస్తున్నది ఆవిష్కరణ అయితే ఇలా నలుగురిలో బయటపెట్టకండి. 1970 పేటెంట్ల చట్టం ప్రకారం దరఖాస్తుకు ముందే బహిరంగమైతే కొత్తదనం పోయినట్టే. తెలంగాణ వాళ్ల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. హక్కు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఫోటోలు అస్సలు పెట్టొద్దు.

సూర్యాపేట మాస్టారు:
వకీలు గారూ, కొత్తదనం ఎక్కడుందండీ? రీలు పట్టీకి న్యూయార్క్‌లో మేరీ డెలానీ అనే ఆవిడ 1908లోనే పేటెంట్ తీసుకుంది. మూడు చోట్ల బిగించే సీటు బెల్టు 1959లో వోల్వో ఇంజినీరు నీల్స్ బోలిన్ చేశాడు, ఆ కంపెనీ దాన్ని అందరినీ వాడుకోమంది. ఈయన రెండింటినీ కలిపి కుట్టాడు. దీన్ని ఆవిష్కరణ అనరు, అమరిక అంటారు.

వనపర్తి వకీలు:
అమరికకు కూడా పేటెంట్ రావచ్చు మాస్టారూ, అందరికీ తట్టేది కాకపోతే చాలు. వస్తుందని నేను అన్లేదు, అవకాశం చెడగొట్టుకోవద్దన్నాను.

సూర్యాపేట మాస్టారు:
సీటు బెల్టు, కుక్క, నడుము. ఇందులో తట్టనిది ఏముంది?

పానగల్ కట్ట:
సార్, నేను అమ్మడానికి చేయట్లేదు, పాలకు పోవడానికి చేస్తున్నా.
అన్నా, గుండు తీసేశా. నిలబడితే ఇప్పుడు బ్రహ్మాండంగా వస్తోంది. కానీ చెప్పు తొడుక్కోవడానికి వంగితే మళ్లీ పట్టేస్తోంది. ఒక్కోసారి నిటారుగా లేచినా వదలట్లేదు.

పాలమూరు గ్యారేజ్:
లివర్ తీయలేదా?

పానగల్ కట్ట:
గుండు తీయమన్నారు కదా.

పాలమూరు గ్యారేజ్:
లివర్ తన బరువుకు తాను కిందికి పడి ఉంటది. నువ్వు వంగితే రీలు తలకిందులైతది, లివర్ పోయి పళ్లల్ల పడతది. అది కూడా పీకెయ్. లేచినా వదలట్లేదంటే పట్టీ బిర్రుగా ఉందన్నమాట. కొంచెం వెనక్కి పోనిస్తే పన్ను వదులుతది, కారులో చేసినట్టే.

రాకీ వాళ్ల అమ్మ, మిర్యాలగూడ:
ఒక్క నిమిషం. గుంజితే లాకయ్యేది ఉంచమన్నారు కదా. కుక్క పిల్లి వెంట ఉరికినప్పుడు పట్టీ టక్కున ఆగితే ఆ దెబ్బంతా మెడ మీదే పడుతుంది! కాలర్‌కు తగిలించారా? ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. మెడ మీద కుదుపు పడితే గొంతు గొట్టానికి దెబ్బ, మా వీధిలో ఒక పగ్‌కు దగ్గు పట్టుకుని నెలలు తగ్గలేదు. మీది ఏ జాతి? ఎంత బరువు?

పానగల్ కట్ట:
ల్యాబ్. ముప్పై కిలోల దాకా ఉంటాడు. కాలర్‌కే తగిలించా.

దేవరకొండ పోరడు:
ముప్పై కిలోలా! మరి నీ బరువెంతన్నా? నడుముకు కట్టుకుని ఉదయసముద్రం కట్ట మీదికి మాత్రం పోకు, నీళ్లల్ల కొంగ కనిపిస్తే ఇద్దరూ దిగుతరు 😂

పాలమూరు గ్యారేజ్:
నవ్వుతున్నడు గానీ మాట కరెక్టే. మేడం చెప్పిందీ కరెక్టే. హార్నెస్ కొను. పట్టీ చివర, హుక్కుకు ముందు, జానెడు సాగే ముక్క కుట్టించు. బైకు ట్యూబు రబ్బరు చాలు. దాని పక్కనే పట్టీని కొంచెం వదులుగా పెట్టి రెండు కొసలూ కుట్టించు, రబ్బరు తెగినా కుక్క పోదు. సీటు కవర్లు కుట్టేటోళ్ల దగ్గర మందపాటి నైలాన్ దారం మిషన్ ఉంటది, అక్కడ కుట్టించు. చేతి కుట్టు ఆగదు. నడుము బెల్టుకు స్కూల్ బ్యాగుకు ఉండే నొక్కుడు క్లిప్పు, పెద్ద సైజుది పెట్టు. నువ్వు పడితే ఒక్క చేత్తో ఊడాలి. క్యాన్ సంగతి తర్వాత.

సూర్యాపేట మాస్టారు:
'కూర్చో' నేర్పారా అన్న ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

పానగల్ కట్ట:
లివర్ తీసేశా, వంగినా వస్తోంది. హార్నెస్ రేపు తెస్తా. థాంక్స్ అన్నా. మాస్టారూ, కూర్చుంటాడు, బిస్కెట్ చూపిస్తేనే.

వనపర్తి వకీలు:
సాగే ముక్కతో కలిపి అయితే దరఖాస్తు ఆలోచించవచ్చు. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఫీజు 1,600 రూపాయలే.

దేవరకొండ పోరడు:
అన్నా, మా బాబాయ్ షెడ్డులో కూడా ఒక సీటు బెల్టు రీలు పడుంది, మేకకు చేద్దామనుకుంటున్నా. దానికి పసుపు కనెక్టరే ఉన్నట్టుంది. వైరు కత్తిరిస్తే సరిపోతుందా?

పాలమూరు గ్యారేజ్:
ముట్టుకోకు. నంబరు ఇన్‌బాక్స్‌లో పెట్టు, ఫోన్ చేస్తా.