పాత సినిమాను ఇప్పటి కళ్ళతో చూడటం అన్యాయమా?

వెన్నెలతెర:
నిన్న రాత్రి మా అమ్మాయితో కలిసి నాకెంతో ఇష్టమైన ఓ నలుపు తెలుపు సినిమా చూశాను. 1960ల నాటిది. అందులో హీరో భార్యను చెంపమీద కొడతాడు, ఆ తర్వాత ఆమే అతని కాళ్ళ మీద పడి క్షమించమంటుంది. పధ్నాలుగేళ్ళ పిల్ల, అక్కడే ఆపేసింది. "నీకిష్టమైన సినిమా ఇదేనా అమ్మా?" అంది. "ఆ కాలం అలాంటిదే" అన్నాను. అన్నాక ఆ మాట నాకే నచ్చలేదు. మీరేమంటారు?

మొదటివరుస:
ఆ మాటలో తప్పేముందండీ? మూకీ సినిమాల్లో మనుషులు గబగబా పరిగెడుతున్నట్టు నడుస్తారని నవ్వుకుంటాం. వాళ్ళు అలా నడవలేదు. చేత్తో తిప్పే కెమెరాతో సెకనుకి 16, 18 ఫ్రేముల చొప్పున తీసినదాన్ని మనం 24 ఫ్రేముల వేగంతో ఆడిస్తే అలా కనిపిస్తుంది. ఆ తొందర మనది. విలువల దగ్గరా మనం ఇదే పని చేస్తున్నామని నా బాధ. ఆ దర్శకుడికి మన తీర్పు వినే అవకాశం కూడా లేదు.

చివరిరీలు:
ఫ్రేముల సంగతి నిజమే, బాగా చెప్పారు. కానీ "ఆ కాలం" అంటే ఎవరి కాలమండీ? 1915లో వచ్చిన 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్' అనే అమెరికా సినిమా, నల్లజాతీయులపై దాడులు చేసిన 'కు క్లక్స్ క్లాన్' ముఠాను వీరులుగా చూపించింది. ఆ తప్పు వందేళ్ళ తర్వాత మనం కనిపెట్టింది కాదు. నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ అదే ఏడాది ఆ ప్రదర్శనలు ఆపాలని పోరాడింది. మన తెలుగులోనే చూడండి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు అంటరానితనం మీద 'మాలపిల్ల' తీశారు. మరుసటి ఏడే కట్నాల మీద 'వరవిక్రయం' వచ్చింది. ఇవన్నీ ఆ చెంపదెబ్బకు ఎన్నో ఏళ్ళ ముందువి! "అప్పుడు అందరూ అంతే" అన్నామంటే, అప్పుడే ఎదురు మాట్లాడినవాళ్ళను లేకుండా చేసినట్టే. ఇంట్లో దెబ్బలు తిని వచ్చి హాల్లో కూర్చున్న ఆడవాళ్ళూ ఆ కాలం వాళ్ళేగా. నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేది వాళ్ళను మరిచిపోవడమే.

మొదటివరుస:
'మాలపిల్ల' మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అలాగని సినిమాను కత్తిరించడానికి మాత్రం నేను ఒప్పుకోను. 2020 జూన్‌లో 'గాన్ విత్ ద విండ్' అనే పాత అమెరికా సినిమాను, ఆన్‌లైన్‌లో సినిమాలు చూపించే హెచ్‌బీఓ మాక్స్ తన జాబితా నుంచి తీసేసింది. అదే నెలలో, ఆ కథ బానిసత్వాన్ని ఎలా చూపించిందో వివరించే పరిచయం చేర్చి మళ్ళీ పెట్టింది. ఆ పద్ధతి నాకు నచ్చింది. ఆ సినిమాకే హాటీ మెక్‌డేనియల్‌కి ఆస్కార్ వచ్చింది, నల్లజాతివారిలో మొట్టమొదటిది. 1940లో ఆ బహుమతి ఇచ్చిన రాత్రి ఆమెను తోటి నటులతో కలవనీయకుండా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. సినిమాను దాచేస్తే ఆమె నటనా పోతుంది, ఆ వేరే బల్ల సంగతీ ఎవరికీ గుర్తుండదు.

వెన్నెలతెర:
ఇవన్నీ చదివి, ఈ సాయంత్రం మా అమ్మాయిని ఒప్పించి ఆపినచోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. దెబ్బ పడ్డాక కెమెరా ఆమె ముఖం మీద చాలాసేపు ఉంటుంది. ఆమె ఏడవదు, రెప్ప కూడా వేయదు. ఆ తర్వాతే కాళ్ళ మీద పడే సన్నివేశం. "అమ్మా, ఈవిడ అసలు క్షమించలేదు, చూడు" అంది మా అమ్మాయి. ఇన్నేళ్ళుగా ఆ సినిమా చూస్తున్నాను, అక్కడ నేనెప్పుడూ హీరో తిరిగి వస్తాడా అనే ఎదురుచూశాను.